మా మరిది దారి అడుగుతాడు

మా మరిదికి తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే గుణం లేదు. ఉన్నది ఒక్కటే జబ్బు. దారి అడుగుతాడు.

కొత్త ఊళ్లో అడిగితే ఎవరూ ఏమీ అనరు. ఈయన పుట్టి పెరిగిన వీధిలో నిలబడి అడుగుతాడు. అదీ ఇంకొకరి ఇల్లు కాదు, తన ఇల్లు. మా వీధి మొదట్లో గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు ఉంది. కొట్టంటే పెద్ద కొట్టేం కాదు, లోపల మనిషి కూర్చుంటే మోకాళ్లు బయటికొచ్చేంత గూడు. సాయంత్రం పని నుంచి వస్తూ మరిది అక్కడ ఆగుతాడు.

"అన్నా, ఇక్కడ బోర్డులు చేసే ఆయన ఇల్లెక్కడ?"

గడియారాలాయన కంటికి తగిలించుకున్న భూతద్దం తియ్యకుండానే తలెత్తి, ఈయన్ని ఎగాదిగా చూస్తాడు. "నేరుగా పోండి. ఎడమ పక్క నీలం తలుపు. అయినా ఆయన ఇంట్లో ఉండడేమో. ఎక్కడో దారి తప్పి ఉంటాడు."

"పర్లేదు. వచ్చేదాకా కూర్చుంటాను," అని ఈయన ఇంటికొస్తాడు.

ఇది రోజూ ఉండే తంతు. మొదట్లో మా తోడికోడలు, అంటే ఆయన పెళ్లాం, సిగ్గుతో తలుపు చాటుకు పోయేది. తర్వాత అలవాటు పడింది. "అక్కా, ఈ పూట ఆలస్యమైంది, దారి చెప్పేవాళ్లు దొరకలేదేమో," అంటుంది నాతో.

ఇంటికి దారి తెలియని మనిషి ఏం పని చేసి బతుకుతున్నాడని మీకు అనుమానం రావచ్చు. నలుగురికీ దారి చూపించే బోర్డులు తయారుచేస్తాడు. ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో అటు మెట్లు, ఇటు లిఫ్టు, ఆ మూల మరుగుదొడ్డి అని బాణాలు ఉంటాయే, అవి. మా మనవలు ఆయన్ని బాణం తాత అనే పిలుస్తారు. ఊళ్లో సగం మంది ఆయన బాణం పట్టుకుని నడుస్తారు. ఆయన మాత్రం ఎవరినో ఒకరిని పట్టుకుని నడుస్తాడు.

పెళ్లిరోజున కూడా ఇదే వరస. హాలు గేటు దగ్గర ఆడపిల్ల తండ్రి ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఏది తక్కువైపోతుందో, ఎవరు మూతి ముడుస్తారో అని ఆయన ముఖం ఎండిన కొబ్బరి చిప్పలా ఉంది. ఈయన కారు దిగి తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లాడు.

"ఏమండీ, ఇక్కడ పెళ్లి ఎక్కడ జరుగుతోంది?"

"ఇక్కడే. మీరు ఎవరి తరఫు?"

"నేను పెళ్లికొడుకునండీ."

అంతే, ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. భోజనాల దగ్గరా నవ్వుతున్నాడు, అప్పగింతల దగ్గరా నవ్వుతున్నాడు. కూతుర్ని ఎవరి చేతిలో పెట్టానురా దేవుడా అని ఏడవాల్సిన మనిషి ఇలా నవ్వుతున్నాడేమిటని నేను ముక్కున వేలేసుకున్నాను.

ఇంట్లో ఆయనతో వేగడం ఇంకో కథ. ఆయన బోర్డులు ముందు మా మీదే పరీక్షకు వస్తాయి. ఒకసారి వంటింటి గుమ్మం దగ్గర మరుగుదొడ్డి బాణం ఆరబెట్టాడు. ఆ రోజు తోడికోడలు వాళ్ల పెద్దమ్మ వచ్చింది. ఆవిడ బాణం చూసుకుంటూ పోయి, పప్పు డబ్బాల ముందు నిలబడి, "అమ్మాయ్, ఇందులో కూర్చోవడం ఎలాగే," అని అడిగింది.

నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం తప్ప ఎక్కువ రాదు. ఆయనకు అదే కావాలి. కొత్త బోర్డు ఏది చేసినా నా ముందు పెట్టి, "వదినా, చదువు," అంటాడు. నేను చదివేలోపు గుటక మింగితే అక్షరాలు పెంచుతాడు. నన్ను నడవమని, వెనకాల సుద్దముక్క పట్టుకుని వంగి వంగి వస్తాడు. నా కాలు ఎక్కడ తడబడితే అక్కడ నేల మీద ఒక గీత గీస్తాడు.

"నా వెనకాల ఈ రాతలేమిటయ్యా, చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"మనిషికి దారి తెలియనప్పుడు ముందు తెలిసేది కాలికి వదినా. నోరు ఒప్పుకోదు. కాలు ఎక్కడ ఆగిందో అక్కడే బోర్డు ఉండాలి."

"నా కాలు ఆగింది మోకాలి నొప్పికి."

"అయితే అక్కడ బెంచీ ఉండాలి," అని ఇంకో గీత గీశాడు.

అలాంటి మనిషికి పాత కచేరీ పని వచ్చింది.

పాత కచేరీ అంటే ఊరి నడిబొడ్డున ఉన్న పాత కోర్టు. ఎవరో షావుకారు ఇల్లుగా కట్టుకున్నాడు, తర్వాత కోర్టయింది, తర్వాత పావురాల పాలయింది. ఇప్పుడు దాని గోడలు గీకి, విరిగిన రాళ్లు మార్చి, చెక్క మెట్లకు నూనె పట్టించి, పెళ్లికూతుర్ని చేసినట్టు చేశారు. కింద గ్రంథాలయం, పైన పింఛన్ల ఆఫీసు, వెనక వైపు కంటి ఆసుపత్రి. అంతా బాగానే ఉంది గానీ మధ్యలో ఒక గుండ్రటి హాలు ఉంది. దాని చుట్టూ ఎనిమిది తలుపులు, ఎనిమిదీ అచ్చం ఒకేలా ఉంటాయి. ఒకసారి గుండ్రంగా తిరిగారంటే ఏ తలుపులోంచి వచ్చారో మీకే తెలియదు. ఆ షావుకారుకు చుట్టాలంటే పడేది కాదని నా అనుమానం.

ఈ పనిలో మరిదికి ఇద్దరు ఆఫీసర్లు. ఒకాయన పాత కట్టడాల ఆఫీసరు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పసిబిడ్డను నిమిరినట్టు గోడల్ని నిమురుతుంటాడు. నమస్కారం పెడితే నమస్కారం పెట్టడు, "గోడకి మేకు కొట్టకండి," అంటాడు. అందుకని బోర్డులన్నీ గోడ తాకకుండా ఇనప పాదాల మీద నిలబడేలా చెయ్యాల్సి వచ్చింది. రెండో ఆవిడ భవనానికంతటికీ పెద్దాఫీసరు. చెడ్డ మనిషేమీ కాదు. మాట తక్కువ, నడక ఎక్కువ. ఆవిడ వెనక నడిచేవాళ్లు మాట్లాడాలంటే పరిగెత్తాలి.

తోడికోడలు పనికి వెళ్తుంది కాబట్టి మరిదికి మధ్యాహ్నం క్యారియర్ నేనే తీసుకెళ్లేదాన్ని. మొదటి రోజే హాల్లో చిక్కుకుపోయాను. ఎటు చూసినా తలుపే. మధ్యలో ఒక స్టూలు, దాని మీద ఒక పెద్దాయన. కోర్టు ఉన్న రోజుల్లో బంట్రోతట. బాగుచేస్తున్నన్నాళ్లూ వచ్చేవాళ్లకు దారి చెప్పడానికి ఉంచారు.

"బోర్డులు చేసే ఆయన ఎక్కడున్నాడు బాబూ?" అన్నాను.

ఈయన చెయ్యి చూపించే రకం కాదు. లేచి, చొక్కా సర్దుకుని, వెంట వస్తాడు. వస్తూ కథ మొదలుపెడతాడు. "ఈ తలుపులోంచే అమ్మా, అన్నదమ్ములిద్దరు ఒక గొడుగు కోసం కోర్టుకెక్కారు. తండ్రి పోతూ పోతూ గొడుగు ఎవరికి అని చెప్పలేదు. వాన పడితే ఇద్దరూ తడుస్తూ వచ్చేవాళ్లు, గొడుగు మాత్రం కోర్టు బీరువాలో పొడిగా ఉండేది."

"చివరికి ఎవరికిచ్చారు?"

"ఇదిగోనమ్మా, బోర్డులాయన," అని నన్ను అప్పజెప్పి వెళ్లిపోయాడు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి. మర్నాడు మళ్లీ అడిగాను. మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చాడు, వకీళ్లు వాదించుకునే చోటుకొచ్చేసరికి మళ్లీ తలుపు వచ్చేసింది. కావాలని నెమ్మదిగా నడిచినా లాభం లేదు. నా నడకకు తగ్గట్టు ఆయన కథ సాగదీస్తాడు.

మరిది అయితే రోజుకు పదిసార్లు ఆయన్ని దారి అడిగేవాడు. నిచ్చెన ఎక్కడ, నీళ్లెక్కడ, నేనెక్కడ. ఆయన విసుక్కోకుండా లేచేవాడు.

ఒకరోజు ఇద్దరూ మెట్ల మీద కూర్చుని నేను తెచ్చిన అన్నం తింటున్నారు. పెద్దాయన చేతిలో ముద్ద అలాగే ఉంది.

"బోర్డులు పెట్టాక స్టూలు తీసేస్తారటమ్మా," అన్నాడు నాతో, ఎవరి సంగతో చెప్తున్నట్టు.

"తీసేస్తే ఇంటి పట్టున ఉండొచ్చుగా. ఈ వయసులో ఈ తిప్పలెందుకు?"

"మా కోడలు మంచిదే. ఇల్లే చిన్నది. నేను ఎక్కడ కూర్చున్నా సరిగ్గా అక్కడే ఏదో ఒక తలుపు తెరవాల్సి వస్తుంది."

మరిది చెయ్యి కడుక్కుని పెద్దాఫీసరమ్మ వెనక పరిగెత్తాడు. నేనూ క్యారియర్ పట్టుకుని వెనకాలే వెళ్లాను.

"మేడమ్, కంటి ఆసుపత్రిలో కంట్లో మందు వేస్తారు కదండీ. వేశాక మనిషికి అంతా మసకగా ఉంటుంది. బోర్డు ఏం చదువుతారు?"

"వెంట ఎవరో ఒకరు వస్తారు."

"ఒంటరిగా వచ్చేవాళ్లో?"

"చూడండి, ఆ స్టూలు మీద పెద్దాయన మీద నాకేమీ కోపం లేదు. కొత్త లెక్కలో ఆ పోస్టు లేదు. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేకుండా బోర్డులు పెట్టమనే మిమ్మల్ని పిలిపించాం. తెరిచేముందు ఒకసారి నడిచి చూద్దాం. ఎవరూ అడగలేదంటే మీ పని నెగ్గినట్టు. స్టేషన్ వాళ్లకు మీ పేరు నేనే చెప్తాను."

రైల్వే స్టేషన్ పనంటే మరిదికి ప్రాణం. అన్ని ప్లాట్‌ఫారాలు, అన్ని వంతెనలు, అంతమంది జనం. దాని కోసం ఎన్నేళ్లుగానో కాచుకుని ఉన్నాడు. కానీ ఆ రోజు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని వేళ్లతో గీతలు గీస్తున్నాడు.

"బోర్డులు బాగా కుదిరితే ఆయన స్టూలు పోతుంది వదినా. కుదరకపోతే స్టేషన్ పోతుంది."

"ఒక్క బాణం వంకరగా పెట్టు. ఎవరు చూడొచ్చారు?"

పచ్చి బూతు మాట్లాడినట్టు నా వంక చూశాడు. "తప్పు బాణం నేను గియ్యను. మందు వేసుకున్న కళ్లతో ఎవరో ఒకరు దాన్ని నమ్ముకుని మెట్ల మీద పడితే?"

"మరేం చేస్తావు?"

"ఏమో. ఎవరినైనా అడగాలి," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత పీకల మీదికొచ్చినా మనిషికి అడగడం తప్ప ఇంకోటి రాదు.

నడిచి చూసే రోజు వచ్చింది. నేనూ క్యారియర్ పట్టుకుని ముందే చేరాను. ఒకటి ఒప్పుకోవాలి, బోర్డులు బ్రహ్మాండంగా కుదిరాయి. గుటక మింగకుండా నేనే చదివేశాను. గేటు నుంచి మొదలుపెడితే ఒకదాని చెయ్యి పట్టుకుని ఇంకోటి నిలబడి ఉంది. హాల్లో నన్ను నడిపించి గీసిన సుద్దగీతలన్నీ గుమిగూడిన చోట, సరిగ్గా అక్కడే పెద్ద బోర్డు. కంటి ఆసుపత్రికి బాణం చెయ్యంత పొడుగు. పక్కనే స్టూలు మీద పెద్దాయన, ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని. ఆ చేతుల్ని చూస్తే నాకు బోర్డులు అంత బాగుండటం మీద కోపం వచ్చింది.

ఆఫీసరమ్మ, గోడల ఆఫీసరు, మేస్త్రీ, గుమస్తాలు అందరూ చేరారు. "గేటు నుంచి కంటి ఆసుపత్రికి," అంది ఆఫీసరమ్మ. "ముందు మీరే నడవండి. చేసింది మీరే కదా."

మరిది గేటు దగ్గర బయలుదేరాడు. మేమంతా వెనకాల. మొదటి బోర్డు, రెండో బోర్డు, ఎక్కడా ఆగలేదు. హాల్లోకి వచ్చాడు. తన పెద్ద బోర్డు ముందు నిలబడ్డాడు. చదివాడు. తల గోక్కున్నాడు. బోర్డు చుట్టూ ఒకసారి తిరిగి వెనక కూడా చూశాడు. ఎనిమిది తలుపుల వంకా చూశాడు. తర్వాత మెల్లగా స్టూలు దగ్గరికి వెళ్లాడు.

"పెద్దాయనా, కంటి ఆసుపత్రి ఎటు?"

మేస్త్రీ ముందు నవ్వాడు. ఆ వెనక గుమస్తాలు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఆ బాణం గీసింది మీరేనా?" అంది ఆఫీసరమ్మ.

"నేనేనండీ."

"కనిపించడం లేదా?"

"బాగా కనిపిస్తోందండీ."

"మరి?"

"ఎందుకైనా మంచిదని."

పెద్దాయన అప్పటికే లేచి చొక్కా సర్దుకున్నాడు. "రండి బాబూ. ఈ తలుపులోంచే అన్నదమ్ములిద్దరు..." అని బయలుదేరబోయాడు.

ఆఫీసరమ్మకు పౌరుషం వచ్చింది. "ఆగండి, ఇంకొకరు నడవండి," అంది మేస్త్రీతో. మేస్త్రీ నవ్వు దిగమింగి, గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. హాల్లో బాణం చూశాడు, రెండడుగులు వేశాడు, ఆగాడు. బోర్డు చేసినవాడికే నమ్మకం లేనప్పుడు తనకెందుకు ఉండాలి? "తాతా, నిజంగా ఇటేనా?" అన్నాడు. గోడల ఆఫీసరు కూడా గొంతు సవరించుకుని, "నాకు తెలుసనుకోండి, అయినా," అంటూ ఆ గుంపులో కలిశాడు. నేనెందుకు ఆగుతాను? గొడుగు సంగతి తేలాలి కదా. గుమస్తాలూ వచ్చేశారు. పెద్దాయన ముందు, మేమంతా ఆయన వెనక ఊరేగింపు.

ఆఫీసరమ్మ ఒక్కతే విసవిసా బోర్డులు చూసుకుంటూ ముందుకు వెళ్లింది. ఎక్కడా తప్పలేదు. మేము కంటి ఆసుపత్రి చేరేసరికి ఆ ఖాళీ గదిలో ఒంటరిగా నిలబడి మా కోసం ఎదురు చూస్తోంది. మేము నవ్వుకుంటూ వచ్చాం.

"నేను ఎవరినీ అడగలేదు," అంది. "బోర్డులు సరిగ్గానే ఉన్నాయి."

"సరిగ్గానే ఉన్నాయండీ," అన్నాడు మరిది.

"మరి మీరందరూ దేనికి నవ్వుతున్నారు?"

గోడల ఆఫీసరు కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. "గొడుగు కేసండీ. వాన పడితే ఇద్దరూ తడుస్తూ వచ్చేవాళ్లట. గొడుగేమో బీరువాలో."

ఆవిడ పెదవి కొంచెం కదిలింది. ఆపుకుంది. గడియారం చూసుకుంది. చివరికి ఉండబట్టలేక పెద్దాయన వైపు తిరిగింది. "ఇంతకీ గొడుగు ఎవరికిచ్చారు?"

"అది పింఛన్ల ఆఫీసు దారిలో చెప్తానమ్మా," అన్నాడు పెద్దాయన.

ఆవిడ కాసేపు ఆయన్నీ, మరిదినీ మార్చి మార్చి చూసింది. మరిది తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. "మీ బోర్డుల్లో ఒకటి తక్కువైంది," అంది ఆవిడ చివరికి. "స్టూలు పక్కన పెట్టండి. 'ఇక్కడ అడగండి' అని. మనిషికి లెక్కలో చోటు లేదు గానీ బోర్డులకు ఉంది. ఈయన్ని నడిచే బోర్డుగా రాసుకుంటాను."

"గోడకి మేకు మాత్రం కొట్టకండి," అన్నాడు గోడల ఆఫీసరు.

పెద్దాయన ఆ మాట విని స్టూలు దగ్గరికి వెళ్లాడు. దాని మీద లేని దుమ్మును చేత్తో దులిపి, తర్వాత కూర్చున్నాడు.

అయితే స్టేషన్ పని ఊసు ఆవిడ ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది? తన బోర్డు ముందు తనే దారి తప్పిన మనిషని మేస్త్రీ అప్పుడే నలుగురికి ఫోన్ చేసి చెప్తున్నాడు. బస్సులో దారి పొడవునా నేను మరిదిని చెడామడా తిట్టాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఓడిపోయినవాడి ముఖం అయితే కాదు అది.

సగం దారిలో రోడ్డు తవ్వేశారని బస్సు ఇంకెటో తిప్పి, మమ్మల్ని ఎప్పుడూ చూడని పేటలో దించేశారు. ఇరుకు సందులు, ఒకదానిలోంచి ఇంకోటి. నేను అడుగు కదపలేదు. "ఇంకేం, అడుగు నాయనా," అన్నాను. "నీ పండగే ఇది."

మరిది అటూ ఇటూ చూశాడు. వీధిలో ఎవరూ లేరు. "రా వదినా," అని నా చేతిలో క్యారియర్ అందుకుని నడిచాడు. ఒక సందు, ఒక వంతెన, బడి వెనక చిన్న గేటు, ఇంకో సందు. నా మోకాలికి మెట్లు లేని దారి చూసి మరీ తిప్పాడు. ఎక్కడా తడబడలేదు, ఒక్క మనిషిని అడగలేదు. చూస్తుండగానే మా వీధి మొదలొచ్చేసింది.

నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. "నీకు దారులన్నీ తెలుసు."

"తెలియకపోతే బోర్డులెలా చేస్తాను వదినా?"

"మరి ఇన్నేళ్లూ?"

ఆయన ముందుకు చూస్తున్నాడు. గడియారాలాయన గూట్లో దీపం వెలుగుతోంది. ఇప్పుడు గడియారాలు బాగుచేయించుకునేవాళ్లు ఎవరున్నారు? అందరూ ఫోను చూసుకుంటూ ఆ గూడు ముందు నుంచే వెళ్లిపోతున్నారు. ఆయన మాత్రం కంటికి భూతద్దం పెట్టుకుని, ఖాళీ బల్ల వంక చూస్తూ కూర్చున్నాడు. మా అడుగుల చప్పుడుకు మేము దగ్గరికి రాకముందే తలెత్తాడు.

అప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పెళ్లిహాలు గేటు దగ్గర ముఖం ఎండిపోయి నిలబడ్డ మామగారు. నా మోకాలు చూపించడానికి వెళ్లినప్పుడు ఈయన దారి అడిగిన, ఆసుపత్రి మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న ముసలమ్మ. ఈయన ఏ రోజూ పోలీసును దారి అడగలేదు, పని తొందరలో ఉన్నవాణ్ణి అడగలేదు. తిన్నగా వెళ్లి ఎవరూ పలకరించని మనిషినే అడిగేవాడు. ఇన్నేళ్లూ చూస్తూ ఆయన్ని వెర్రిబాగులవాడు అనుకున్నాం.

"అన్నా," అంటున్నాడు మరిది, "ఇక్కడ బోర్డులు చేసే ఆయన ఇల్లెక్కడ?"

"నేరుగా పోండి. నీలం తలుపు."

మరిది నడిచాడు. నేను కాసేపు నిలబడ్డాను. తర్వాత నేనూ ఆ గూటి ముందుకు వెళ్లాను. జన్మలో ఎప్పుడూ ఆ మనిషితో మాట్లాడలేదు.

"బాబూ, ఆ బోర్డులాయన వదిన ఉంటుంది కదా, ఆవిడ ఇల్లెక్కడ?"

గడియారాలాయన నన్ను భూతద్దంలోంచి పైనుంచి కిందిదాకా చూశాడు. ముఖంలో నవ్వు లేదు.

"అదే నీలం తలుపమ్మా," అన్నాడు. "ముందు ఒకాయన వెళ్తున్నాడు చూడండి, ఆయన్ని మాత్రం అడక్కండి. పాపం, ఆయనకి ఏ దారీ తెలియదు."